పై నుంచి చూస్తే పోడు ఎలా కనిపిస్తుంది?

(ఖమ్మం, భద్రాచలం అటవీ గ్రామాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



పోడు హక్కుల మీద మనం చాలా కాలంగా మాట్లాడుకుంటున్నాం. పట్టాల గురించి, గ్రామసభల గురించి, ఫారెస్టు వాళ్ళు తవ్వే కందకాల గురించి, ఆడవాళ్ళ మీద పెట్టే కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఈ మధ్య ఈ గొడవలోకి ఒక కొత్త సాక్షి వచ్చి కూర్చుంది. దానికి ఊరు లేదు, భాష లేదు, గ్రామసభకు రాదు, ప్రశ్న వేస్తే జవాబు చెప్పదు. అయినా ఆఫీసుల్లో దాని మాటకున్న విలువ పదిమంది ముసలమ్మల మాటకు లేదు. అదే ఉపగ్రహ చిత్రం. 2005లో నీ చేను అడవిగానే కనిపిస్తోంది కాబట్టి నీకు హక్కు లేదు అని చెప్పేసి ఫైలు మూసేయడానికి అదొక్కటి చాలుతోంది.

ఈ బొమ్మలు ఎలా తయారవుతాయో కొంత నేర్చుకున్నదాన్ని కాబట్టి నన్ను పిలిచారు. ఉపగ్రహం అబద్ధం చెబుతుందని చెప్పడానికి రాలేదు నేను. అది చాలా నిజాలు చెబుతుంది. అయితే అది ఏం చూస్తుంది, ఏం చూడలేదు, ఏ నెలలో చూసింది, ఆ ఏడు వాన ఎంత పడింది అన్నవి అడక్కుండా దాని మాట నమ్మితే నష్టపోయేది మన ఊళ్ళ ఆడవాళ్ళు. ఆ ప్రశ్నలేమిటో ఇవాళ చూద్దాం. లెక్కలు కొన్ని ఉంటాయి, భయపడకండి. అన్నీ ఎకరాల్లో, గుంటల్లోనే చెబుతాను.

ముందు అది చూసే పద్ధతి. పచ్చటి ఆకు మీద ఎండ పడితే అందులోని ఎర్రటి కాంతిని ఆకు తాగేస్తుంది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం చాలావరకు వెనక్కి కొడుతుంది. ఎండిన నేల అలా చేయదు. రెండు కాంతుల్నీ ఉపగ్రహం వేరువేరుగా కొలుస్తుంది. ఆ రెండింటికీ తేడా ఎంతో చూసి ఒక అంకె వేస్తారు. దాన్ని పచ్చదనం సూచిక అనుకుందాం. నిండుగా ఆకులున్న చోట అది ఒకటికి దగ్గరగా వెళుతుంది, వట్టి నేల మీద సున్నాకి దగ్గరగా ఉంటుంది. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ 1972లో పైకి వెళ్ళింది. మన ఐఆర్‌ఎస్ మొదటి ఉపగ్రహం 1988 మార్చి 17న వెళ్ళింది. ఈ పని చేసే జాతీయ సంస్థ మన హైదరాబాదులో బాలానగర్‌లోనే ఉంది. ఉపగ్రహం పంపే సమాచారాన్ని షాద్‌నగర్‌లో పట్టుకుంటారు. 1989 నుంచి ఈ పచ్చదనం సూచికతోనే దేశంలో ఏ జిల్లాలో కరువుందో అంచనా వేయడం మొదలుపెట్టారు. అంటే కరువు లెక్కకూ అడవి లెక్కకూ మూలం ఒక్కటే, ఆకు. దీన్ని గుర్తుపెట్టుకోండి. ఆకు తగ్గిందంటే వాన తగ్గి ఉండవచ్చు, గొడ్డలి పడి ఉండవచ్చు, నిప్పు అంటుకుని ఉండవచ్చు, ఆకు రాలే నెల అయి ఉండవచ్చు. అంకె మాత్రం అన్నిటికీ ఒకటే.

ఈ తికమక మన దగ్గరే పుట్టింది కాదు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణంగా సాహెల్ అనే మెట్ట ప్రాంతం ఉంది. 1970ల్లో, 80ల్లో అక్కడ ఘోరమైన కరువులు వచ్చాయి. పశువుల కాపర్లు, పేద రైతులు చెట్లు కొట్టి, గడ్డి మేపి ఎడారిని ముందుకు తెస్తున్నారని ప్రపంచమంతా నమ్మింది. 1991లో అమెరికా శాస్త్రవేత్తలు కొందరు పదేళ్ళ ఉపగ్రహ చిత్రాలు వరసగా పెట్టి చూశారు. 1980 నుంచి 84 దాకా ఎడారి అంచు దక్షిణానికి జరిగింది. వానలు తిరిగి రాగానే వెనక్కి పోయింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. దాన్ని ఎక్కువగా కదిపింది వాన. నింద మాత్రం మేకలు కాసుకునేవాళ్ళు మోశారు. అదే సాహెల్‌లో నైజర్ అనే దేశం ఉంది. అక్కడ ఫ్రెంచి పాలన నాటి నుంచీ పొలంలో చెట్టు కూడా సర్కారుదే. ఆ పట్టు సడలాక రైతులు మోళ్ళ నుంచి వచ్చే పిలకల్ని కొట్టేయకుండా కాపాడుకోవడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళలో దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు లేచాయి. ఆ సంగతి బయటి ప్రపంచానికి నమ్మకంగా తెలిసిందీ పాత, కొత్త చిత్రాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే. పేదవాళ్ళ మీద నేరం మోపిన బొమ్మే వాళ్ళ కష్టానికి సాక్ష్యం కూడా చెప్పింది.

ఇక మన అడవికి వద్దాం. మనది ఆకురాల్చే అడవి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది. అదీ దాదాపుగా జూన్ నుంచి అక్టోబరు లోపే. ఆ నెలల్లో ఆకాశం నిండా మబ్బు. మామూలు ఉపగ్రహం మబ్బులోంచి చూడలేదు. కాబట్టి పోడు చేను నిండుగా పంట మీద ఉండే కాలంలో, జొన్న మనిషెత్తు ఎదిగిన రోజుల్లో, దాన్ని పైనుంచి చూసినవాడు చాలా తక్కువ. మబ్బులు విడిపోయాక, అక్టోబరు నుంచి మార్చి దాకా తీసిన చిత్రాలే అధికారుల చేతికి వస్తాయి.

ఆ ఆరు నెలల్లో ఏం జరుగుతుందో మీకంటే బాగా ఎవరికి తెలుసు? అక్టోబరులో అడవి పచ్చగా ఉంటుంది. జనవరికి టేకు ఆకు రాల్చేస్తుంది. ఫిబ్రవరిలో ఇప్పచెట్టు బోడిగా నిలబడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో పువ్వు రాలుతుంది, ఎర్రటి లేతాకు వస్తుంది. ఏప్రిల్, మే తునికాకు కోసుకునే రోజులు. అదే అడవిని నవంబరులో ఫొటో తీస్తే దట్టమైన అడవి. మార్చిలో తీస్తే నేల కనిపించే అడవి. ఒక ఏడు నవంబరు చిత్రాన్ని, ఇంకో ఏడు ఫిబ్రవరి చిత్రాన్ని పక్కపక్కన పెట్టి అడవి తగ్గిపోయిందంటే అది పూర్తి లెక్క కాదు. వానలు అక్టోబరు దాకా సాగిన ఏడు ఆకు ఆలస్యంగా రాలుతుంది, ముందే ఆగిపోయిన ఏడు ముందే రాలుతుంది. 2009లో దేశం మొత్తం మీద నైరుతి వానలు ఐదో వంతుకు పైగా తగ్గాయి. 1972 తర్వాత అంత లోటు అప్పుడే. అలాంటి ఏడు తీసిన బొమ్మలో అడవి కూడా వాడిపోతుంది, చేను కూడా వాడిపోతుంది.

ఇప్పుడు చట్టం చెప్పిన తేదీ చూడండి. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీలు 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉంచుకుని ఉండాలి. డిసెంబరు 13న పోడు చేలో ఏముంటుంది? జొన్న, మొక్కజొన్న ఎప్పుడో కోసేసి ఉంటారు. పత్తి ఉంటే ఏరుతుంటారు. కంది ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది. కోసిన చేను పైనుంచి గోధుమరంగు మచ్చ. కంది చేను చిట్టడవిలాంటి పచ్చ మచ్చ. ఆ ఏడు చేను బీడు పెట్టిన వాళ్ళుంటే అందులో మొలిచిన తుప్పలు కూడా పచ్చగానే ఉంటాయి. కొండరెడ్ల పోడులో కొన్నేళ్ళు దున్ని కొన్నేళ్ళు వదిలేయడమే పద్ధతి. వదిలేసిన ఏడు తీసిన బొమ్మలో ఆ కుటుంబం అసలు ఈ భూమ్మీద ఉన్నట్టే కనిపించదు.

తర్వాత ప్రశ్న, బొమ్మలో గడి ఎంత పెద్దది? ఉపగ్రహ చిత్రం గళ్ళ దుప్పటిలాంటిది. ఒక్కో గడికి ఒక్కటే రంగు. ఆ గడిలోపల ఏముందో విడిగా తెలియదు, అంతా కలిపి ఒక అంకె వస్తుంది. 1970ల నాటి ల్యాండ్‌శాట్ గడి ఒక్కొక్కటీ ఎకరంన్నర. కరువు అంచనాలకు మొదట్లో వాడిన అమెరికా వాతావరణ ఉపగ్రహం గడి దాదాపు మూడు వందల ఎకరాలు. అందులో మన గూడెం, చెరువు, అడవి అన్నీ కలిపి ఒకే చుక్క. 2005 నాటికి ఫారెస్టు సర్వే వాళ్ళు ఎక్కువగా వాడుతున్న మన దేశపు చిత్రాల్లో గడి ఇరవై మూడున్నర మీటర్లు, అంటే ఐదున్నర గుంటలు. భద్రాచలం వైపు అక్కలు సెంట్లలో లెక్క కడతారు కాబట్టి, పద్నాలుగు సెంట్లకు కాస్త తక్కువ. 2015లో యూరపు వాళ్ళు పంపిన సెంటినెల్ గడి దాదాపు ఒక గుంటంత. కానీ 2015లో వచ్చిన కన్ను 2005 నాటి సంగతి చెప్పలేదు.

రెండెకరాల పోడు ఉన్న ఒక అక్కను ఊహించుకోండి. ఐదున్నర గుంటల గడులతో ఆమె చేను పద్నాలుగు, పదిహేను గడులు అవుతుంది. చేను అంచు మీద పడే గడులు సగం చేను, సగం అడవి. ఆ చిన్న చేలో సగం దాకా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ, అంచు గడులే. వాటి రంగు ఎటు మొగ్గుతుందో చెట్ల నీడను బట్టి, నెలను బట్టి ఉంటుంది. పెద్ద కమతం ఉన్నవాడి చేను మధ్యలో అనుమానం లేని గడులు చాలా ఉంటాయి. కాబట్టి ఈ సాక్షి చిన్న కమతాన్ని సరిగా చూడలేదు, పెద్ద కమతాన్ని బాగా చూస్తుంది. మన ఊళ్ళల్లో చిన్న ముక్కలు ఎవరివి? ఒంటరి ఆడవాళ్ళవి, విధవలవి, అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన చెలక చేసుకుంటున్న అక్కచెల్లెళ్ళవి. ఇంకో చిన్న సంగతి. 2003 మే 31న ల్యాండ్‌శాట్ ఏడో ఉపగ్రహంలో ఒక భాగం చెడిపోయింది. అప్పటినుంచీ దాని ప్రతి చిత్రంలో ఐదో వంతుకు పైగా చారలు చారలుగా ఖాళీ. 2005 బొమ్మ చూపిస్తున్నాం అని ఎవరైనా అంటే అది ఏ ఉపగ్రహానిదో ముందు అడగండి. ఆ అక్క చేను ఖాళీ చార కింద ఉందేమో!

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించే విషయం వేరే ఉంది. మన దేశంలో ఫారెస్టు సర్వే వాళ్ళు అడవి అని దేన్ని అంటారంటే, ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు, మించిన ఏ నేలైనా సరే, అందులో పదో వంతుకు మించి చెట్ల నీడ ఉంటే అది అటవీ విస్తీర్ణమే. నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా. కోయ చేలల్లో ఇప్పచెట్లు కొట్టరు. తునికి, మొర్రి, తాడి కూడా ఉంచుతారు. పువ్వు ఏరుకునేది, కాయ కొట్టుకునేది, ఆకు కోసుకునేది ఆడవాళ్ళే కాబట్టి ఆ చెట్లు నిలబడటంలో వాళ్ళ మాట ఉంటుంది. అలా చెట్లు ఉంచుకున్న చేలు కొన్ని కలిసి ఒక్కచోట ఉంటే పైనుంచి అది పల్చటి అడవి. చెట్టన్నది లేకుండా నరికి చదును చేసిన చేను మాత్రం ఖచ్చితమైన సాగుభూమి. పర్యావరణాన్ని కాపాడే పేరుతో తయారుచేసిన ఈ కొలత, చెట్టు కొట్టినవాడికి సాక్ష్యం ఇచ్చి, చెట్టు ఉంచినామెను పక్కకు నెట్టేస్తోంది. దీని మీద మన సంఘాలు ఇంకా గట్టిగా మాట్లాడాలి అని నా అభిప్రాయం.

ఇదే నిర్వచనంలో జామాయిల్ తోట కూడా అడవే. ఇక్కడికి దగ్గర్లో సారపాకలో 1979 నుంచీ కాగితం మిల్లు నడుస్తోంది. దానికోసం రైతులు సొంత చేలల్లో, అటవీ అభివృద్ధి సంస్థ అటవీ భూముల్లో జామాయిల్ వేశారు. నాలుగైదేళ్ళకొకసారి నరుకుతారు, మళ్ళీ చిగురిస్తుంది. పెరిగిన ఏడు జిల్లాలో అడవి పెరిగినట్టు, నరికిన ఏడు తగ్గినట్టు లెక్క పడుతుంది. ఈ లెక్క మన జిల్లా మీద ఒకసారి ఎంత పని చేసిందో చెబుతాను.

2011 సంవత్సరపు అటవీ నివేదికను 2012 ఫిబ్రవరిలో విడుదల చేశారు. దేశం మొత్తం మీద నికరంగా 367 చదరపు కిలోమీటర్లు అడవి తగ్గిందన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనే 281 తగ్గిందన్నారు. అందులో ఒక్క ఖమ్మం జిల్లాలోనే 182. ఎకరాల్లో చెబితే దాదాపు 45 వేలు. ఆ వార్త వచ్చినప్పుడు మావోయిస్టులు, వాళ్ళ అండతో ఆదివాసీలు అడవి నరికేశారన్న మాట పత్రికల్లోకి ఎక్కింది. నివేదిక తెరిచి చూస్తే రాష్ట్రంలో తగ్గుదలకు ముందుగా చెప్పిన కారణం వేరు. తక్కువ కాలంలో నరికే తోటల్ని కోసి మళ్ళీ నాటడం, ఆ తర్వాతే కొన్ని ఆక్రమణ ప్రాంతాల్లో అడవి కొట్టడం. అంటే ఆ 45 వేల ఎకరాల్లో కాగితం మిల్లుకు వెళ్ళిన కలపా ఉంది, కొత్తగా కొట్టిన పోడూ ఉంది. ఎవరిది ఎంతో ఆ అంకె విడదీసి చెప్పదు. చిత్రాలు 2008 అక్టోబరు నుంచి 2009 మార్చి మధ్యవి. ఆకు నిండుగా ఉన్న నెల దగ్గర్నుంచి ఆకు రాలిన నెల దాకా అన్నమాట. గొడ్డలి మాత్రం ఒకరి చేతిలోనే చూశారు.

అడవి లెక్కలు మొదట్నుంచీ ఇలాంటివే. 1980ల మొదట్లో హైదరాబాదు సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూసి దేశంలో నూటికి 14 వంతులే అడవి మిగిలిందని తేల్చింది. కొద్దికాలానికే డెహ్రాడూన్‌లోని ఫారెస్టు సర్వే దాదాపు అవే సంవత్సరాల చిత్రాలతో పందొమ్మిదిన్నర అంది. ఇద్దరూ కూర్చుని సర్దుకుంటే చివరికి పెద్ద అంకే నిలిచింది. ఒకే దేశాన్ని చూసి ఇంత తేడా చెప్పినవాళ్ళు, ఒక కోయ అక్క రెండెకరాల మీద మాత్రం తిరుగులేని తీర్పు చెప్పగలరా? జిల్లా అంకెల సంగతి సరేసరి. 2014లో ఏడు మండలాలు పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళిపోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. ఖమ్మంలో అడవి అప్పుడింత ఇప్పుడింత అని ఎవరైనా చెబితే ఏ ఖమ్మం అని అడగాలి.

నేను ఒకవైపే చెబుతున్నానని కొందరికి అనిపించవచ్చు. కొత్తగా నరికిన అడవి ఉంది. దాని వెనక డబ్బున్నవాళ్ళు ఉన్న చోట్లూ ఉన్నాయి, ఆదివాసీల పేరు పెట్టి పత్తి, మిరప వేయించేవాళ్ళూ ఉన్నారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింస తట్టుకోలేక సరిహద్దు దాటి వచ్చిన గొత్తికోయలు ఇక్కడి అడవుల్లోనే పోడు కొట్టుకుని బతికారు. తెలంగాణలో వాళ్ళకు షెడ్యూల్డు తెగ గుర్తింపు లేదు. తేదీ ప్రకారం చూసినా చట్టం వాళ్ళకు అందదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఒక ఫారెస్టు రేంజి ఆఫీసరును చంపేశారు. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు. ఉద్యోగం చేస్తూ చనిపోయిన మనిషికీ కుటుంబం ఉంది. దాని తర్వాత గొత్తికోయ గూడేల్లో ఉన్న ఆడవాళ్ళందర్నీ అనుమానించి వెళ్ళగొట్టాలన్న మాటల్నీ సమర్థించలేం. వాళ్ళు కొట్టిన ముక్క ఉపగ్రహానికి స్పష్టంగా కనిపిస్తుంది. ఎందుకు ఊరొదిలి వచ్చారో కనిపించదు. వాళ్ళ సమస్య పట్టాతో తీరేది కాదు, రెండు రాష్ట్రాలూ కేంద్రమూ కూర్చుని తేల్చాల్సింది. ఇవాళ్టి విషయం కాదు కాబట్టి అక్కడితో ఆపుతాను.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. ఇక్కడ మనకు బలం ఉంది. 2006 చట్టానికి 2008 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల్లో 13వ నియమం సాక్ష్యాల గురించి చెబుతుంది. అందులో ఉపగ్రహ చిత్రం ఉంది, నిజమే. దాని పక్కనే సెన్సస్, సర్వే రికార్డులు ఉన్నాయి. ఇల్లు, గుడిసె, గట్టు, చదును చేసిన నేల, చెక్‌డ్యామ్ లాంటి కంటికి కనిపించే ఆనవాళ్ళు ఉన్నాయి. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం ఉంది. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూసే నిర్ణయించాలి. 2012 సెప్టెంబరులో నియమాలు సవరించినప్పుడు ఇంకా విడమర్చి చెప్పారు. 12ఎ నియమంలో 11వ ఉపనియమం కింద ఉన్న వివరణ అది. ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక పద్ధతులు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు, వాటికి బదులుగా పెట్టకూడదు. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టకూడదని కూడా అక్కడే ఉంది. గుజరాత్‌లో ఇలాగే చిత్రాలు చూపి దరఖాస్తులు కొట్టేస్తే అక్కడి సంస్థలు హైకోర్టుకు వెళ్ళాయి. 2013లో కోర్టు వాటిని మళ్ళీ పరిశీలించమంది. అక్కడి కార్యకర్తలు ఇంకో పని కూడా చేశారు. తామే జిపిఎస్‌తో చేలు కొలిచి, చిత్రాల మీద పరిచి, చాలా చోట్ల ఆ చిత్రాలతోనే సాగును రుజువు చేశారు.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు దరఖాస్తులు తిరస్కరించబడినవాళ్ళను ఖాళీ చేయించమని ఆదేశించింది మీకు గుర్తుండే ఉంటుంది. పదిహేను రోజులకే, ఫిబ్రవరి 28న, దాన్ని నిలిపేసింది. ఆ మొదటి ఆదేశంలో చాలామంది పట్టించుకోని వాక్యం ఒకటుంది. ఫారెస్టు సర్వే ఉపగ్రహ సర్వే చేసి ఆక్రమణల పరిస్థితి, వీలైతే ఖాళీ చేయించిన తర్వాతి పరిస్థితి కోర్టు ముందు పెట్టాలి అని. మనం ఈ బొమ్మలు చదవడం ఎందుకు నేర్చుకోవాలో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

తెలంగాణలో 2021 నవంబరులో మళ్ళీ దరఖాస్తులు తీసుకున్నారు. నాలుగు లక్షలకు పైగా వచ్చాయి. 2023 జూన్ 30న మొదలుపెట్టి దాదాపు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. అందులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే అన్నిటికంటే పెద్ద వాటా. మంచిదే. మిగిలిన రెండున్నర లక్షల దరఖాస్తుల మాటేమిటి? మన పని వాళ్ళతో.

ఆ పని ఎలా చేయాలో నాకు తోచింది చెబుతాను. మొదటిది, వాన వేరు మనిషి వేరు అని బొమ్మలోనే విడదీయడం. ఇది కష్టం కాదు. మన గూడెం పోడునూ, దానికి పక్కనే ఎవరూ ఎప్పుడూ దున్నని రిజర్వు అడవి ముక్కనూ కలిపి పదేళ్ళు చూడాలి, ప్రతి ఏడూ ఒకే నెలలో. కరువు ఏడు రెండూ కలిసి వాడితే అది వాన. అడవి పచ్చగా ఉండి మన ముక్క ఒక్కటే ఏటా డిసెంబరుకల్లా గోధుమరంగుకు తిరుగుతుంటే, అది కోత. కోత ఉందంటే సాగు ఉంది! ఒక్క ఏటి బొమ్మలో అడవిలా కనిపించిన చేను ఐదేళ్ళ వరసలో చేనని తేలిపోతుంది. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ 2008 నుంచి ఉచితం. బాలానగర్ సంస్థ వారి భువన్ 2009 నుంచి కంప్యూటర్‌లో చూడవచ్చు. వానకు మండలాల వారీ రికార్డులున్నాయి, తహసీల్దారు ఆఫీసులో అడగవచ్చు. సంఘాల్లో చదువుకున్న ఆడపిల్లలు ఒక వారంలో ఇది నేర్చుకోగలరు. మగపిల్లలకే కంప్యూటర్ అప్పగించే అలవాటు మన సంస్థల్లో కూడా ఉంది, ఆ అలవాటు మానుకుందాం.

రెండోది, పెద్దమ్మల జ్ఞాపకం. ఉపగ్రహం వాళ్ళు ప్రతి బొమ్మకూ కింద నేల మీదికి వెళ్ళి సరిచూసుకోవాలంటారు. నేల మీద ఏ నెలలో ఏ చెట్టు ఆకు రాల్చింది, ఏ ఏడు తునికాకు పలచగా వచ్చింది, ఏ ఏడు ఇప్పపువ్వు రాలలేదు అన్నది నోటితో చెప్పగలిగేవాళ్ళు మీ ఊళ్ళల్లో ఉన్నారు. వాంగ్మూలం రాసేటప్పుడు తేదీలు అడిగి వాళ్ళను బెదరగొట్టకండి. గోదావరి వరదలు అడగండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. 2006 ఆగస్టులో 66.9 అడుగులు. ఆ రెండో వరద చట్టం పెట్టిన తేదీకి ఎనిమిది నెలల తర్వాతిది. ఆ వరద వచ్చేనాటికి ఈ చేలో ఎన్ని పంటలు తీశారమ్మా అని అడగండి. రెండు పంటలని చెబితే తేదీ తేలినట్టే. ఆ మాటలు ఆమె చెప్పినట్టే రాయండి, మన భాషలోకి సవరించకండి. రాశాక చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. ఇలాంటి వాంగ్మూలాల్లో ఎక్కువగా మగపెద్దల పేర్లే కనిపిస్తాయి. ఏ చెట్టు ఎప్పుడు కొట్టారో, ఏ గట్టు ఎవరు వేశారో రాళ్ళు మోసినామెకే బాగా గుర్తుంటుంది.

మూడోది, పట్టా మీద పేరు. పెళ్ళైన వాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని చట్టంలో నాలుగో సెక్షను చెబుతోంది. ఒంటరి ఆడది కుటుంబాన్ని నడుపుతుంటే ఆమె పేరునే. దరఖాస్తులో పేరు లేకుండా పట్టాలో పేరు రాదు. జిపిఎస్ పట్టుకుని చేను చుట్టూ తిరిగే రోజున భర్త ఒక్కడే తిరిగి వస్తే మ్యాపు మీద అతని పేరే పడుతుంది. ఆ రోజు ఆమె కూడా చేను దగ్గర ఉండాలి. కూలికి పోవాల్సిన రోజైతే ముందుగా చెప్పించి తేదీ మార్పించండి. గ్రామసభకు వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు లేకపోతే ఆ తీర్మానమే చెల్లదు. హాజరు పుస్తకంలో వేలిముద్రలు తర్వాత ఇళ్ళకు తెచ్చి వేయించుకునే పద్ధతిని ఒప్పుకోకండి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మీరు తెచ్చిన తిరస్కరణ కాగితాలు చూస్తాం. ఏ కాగితంలో ఉపగ్రహ చిత్రం అని కారణం రాశారో వాటిని విడిగా పెట్టండి. వాటికి సమాచార హక్కు దరఖాస్తు రాద్దాం. ఏ ఉపగ్రహం, ఏ తేదీ చిత్రం, గడి ఎంత, చేను హద్దు దాని మీద ఎవరు గీశారు, నేల మీదికి ఎవరు వెళ్ళి చూశారు, చిత్రం నకలు ఇవ్వండి. ఈ ఆరూ చాలు. కారణం ఏమీ రాయని కాగితాలు, నోటితో చెప్పి పంపించేసిన కేసులు ఇంకో కట్ట. ప్రతి కాగితం వెనక అది ఆమె చేతికి ఏ రోజు వచ్చిందో పెన్సిల్‌తో రాసుకోండి. పై కమిటీకి వెళ్ళడానికి అరవై రోజులే గడువు. ఇంకో ముప్పై రోజులు పొడిగించే అధికారం కమిటీకి ఉంది, కానీ అది అడిగితేనే.